ఉత్తరం కొంచెం వంగింది

చేతులు రెండూ తీసేస్తే
ఉన్నచోటే నిలబడాలి, అదీ దాని చదువు.
జోడుగుళ్ళపాలెం ఒడ్డు మీద
నలభై మీటర్ల ఎత్తున
ఈ పొద్దున అది నిలబడలేదు.

ముందు ఒక చిన్న సున్నా చుట్టింది.
దాని మీద ఇంకాస్త పెద్ద సున్నా,
కొత్తగా పలక పట్టిన పిల్లకి
బలపం మీద పట్టు దొరకనట్టు.

గాలేమో అనుకున్నాను.
తెప్ప కొసన కట్టిన గుడ్డపీలిక
కదిలీ కదలనట్టుంది.
ఉపగ్రహాలు పదిహేడు, తెర మీద పచ్చగా.
బ్యాటరీ సగం పైనే.
రెక్క చిట్లిందా? చిట్లితే వణుకుతుంది.
ఇది వణకడం లేదు,
చాలా నమ్మకంగా, నింపాదిగా
తప్పుదారిన పోతోంది.

సున్నా అంచు అలల మీదికి జరిగింది.
నా బొటనవేలు 'ఇంటికి రా' మీట మీద.
నొక్కలేదు.
ఇల్లెటో తెలియని దాన్ని ఇంటికి రమ్మంటే
మరింత తొందరగా సముద్రంలోకి పోతుంది.

"బండి ఓ పక్కకి లాగేస్తంటే
ఏండిల్‌తో కొట్లాడీకమ్మా.
పడతా వదులు, వదులుతా పట్టు."
హనుమంతవాక డౌనులో
నాకు ఆటో నేర్పుతూ నాన్న అన్నమాట.

దిక్సూచిని నమ్మొద్దని దానికి చెప్పి మోడు మార్చాను.
ఇక దానికి దిక్కు నా కళ్ళే.
పైనున్న కాస్త గాలికి జారింది, జారనిచ్చాను.
కొంచెం లాగాను. మళ్ళీ జారనిచ్చాను.
తడి ఇసుకలో దిగి, పక్కకి ఒరిగి,
ఒక పీత కన్నం మూసేసింది.

"కోసుకుపోయిన ఒడ్డు కొలవమంటే
డ్రోన్నే సముద్రానికి ఇచ్చేసేలా ఉన్నావే"
ఫోన్లో జామి సారు నవ్వి, లాగ్ తెరవమన్నారు.
ముక్కు ఒకవైపు, నడక ఒకవైపు,
మధ్యలో ముప్పై నాలుగు డిగ్రీల అబద్ధం.
నిన్న ఇరవై. మొన్న తొమ్మిది.
ఒక్కరోజు జబ్బు కాదిది.

"దగ్గర్లో ఇనుమేదైనా ఉందా?"
లేదు సార్. ఇసకే.
తాళాలు? సంచిలో.
సంచి?

సంచి రోజూ కంచరపాలెం నుంచి గంటసేపు
నాన్న ఆటోలో, వెనక సీటు వెనకాల,
స్పీకరు పెట్టె మీద కూర్చుని వస్తుంది.
పూర్ణా మార్కెట్‌లో రెండు రోజులు బేరమాడి కొన్న పెట్టె,
లోపల అరిసె అంత అయస్కాంతం.
మూడు వారాలుగా పాటలు వింటూ వింటూ
దీని ఉత్తరం
కొంచెం కొంచెం అటు వంగింది.

తాళాలు, గడియారం, బకిల్ ఉన్న చెప్పులు
మురీ మిక్చర్ ఎర్నాయుడి బండి మీద పెట్టి
దూరంగా వెళ్ళి
రెండు చేతులా దాన్ని పట్టుకుని గుండ్రంగా తిరిగాను.
ముక్కు కిందికి దించి మళ్ళీ తిరిగాను.
"దిష్టి తీస్తన్నావేటమ్మా?"
అవునన్నాను.
"మరి మిరపకాయలేయీ? నా కాడున్నాయి, ఇమ్మంతావా?"

ఈసారి లేపి, చేతులు తీసేశాను.
ఆకాశానికి మేకు కొట్టి తగిలించినట్టు నిలబడింది.
దాని వెనక చాలా దూరంలో, రేవు పిలుపు కోసం
లంగరేసుకున్న ఓడలు.

సాయంత్రం సంచి ఒళ్ళో పెట్టుకున్నాను.
నాన్న అద్దంలో చూశాడు.
పెట్టెలో అయస్కాంతం సంగతి చెప్పాను.
ఏమీ అనలేదు.
చెయ్యి జాపి పాట సౌండు తగ్గించాడు, బాగా,
లోపలెవరో పసిపిల్ల పడుకున్నట్టు.

పాట తగ్గినంత మాత్రాన
అయస్కాంతం నిద్రపోదు నాన్నా, అనబోయి
మద్దిలపాలెం సిగ్నల్ దాకా ఊరుకున్నాను.
అక్కడ అన్నాను, "పెంచు."
పెంచాడు.
నిన్నటంత కాదు.